ఆ ఒడ్డు నుంచి మొదలైన దారి

కొండల నడుమ మంచుకోన అనే అడవి ఉండేది. రాత్రి పుట్టిన పొగమంచు పొద్దెక్కేదాకా ఆ అడవి చెట్ల మీదే నిద్రపోయేది. అక్కడ దుప్పులు, కుందేళ్ళు, ముంగిసలు, ముళ్ళపందులు, లకుముకి పిట్టలు కలిసిమెలిసి బతికేవి. అడవిని ఒరుసుకుంటూ వెండేరు పారేది. ఏటి మధ్యలో రెల్లులంక ఉండేది.

ఎండాకాలంలో కోనలో గడ్డి మాడిపోయేది. లంకలో మాత్రం పచ్చగా ఉండేది. అప్పుడు ఏరు సన్నబడి, కోనకూ లంకకూ మధ్య ఇసుక తిన్నె తేలేది. జంతువులు ఆ తిన్నె మీద నడిచి లంకకు వెళ్ళేవి. తొలకరి మబ్బు కనబడగానే అదే తిన్నె మీద ఇంటికి వచ్చేవి.

ఆ గుంపుకు సువేగుడు అనే మగదుప్పి పెద్ద. అతని కొమ్ములు ఆకురాలిన చెట్టులా ఎత్తుగా, కొమ్మలు కొమ్మలుగా ఉండేవి. పరుగులో అతణ్ణి మించినవారు లేరు. దూకడంలో అసలే లేరు. అందుకని ఆలోచనలో కూడా తనను మించినవారు ఉండరని సువేగుడు అనుకునేవాడు. ఎవరైనా ఏదైనా అడిగితే, మాట పూర్తికాకముందే జవాబు చెప్పేవాడు.

అదే గుంపులో ఒక ముళ్ళపంది ఉండేది. వాళ్ళమ్మ ఏం పేరు పెట్టిందో ఎవరికీ గుర్తులేదు. అందరూ నింపాది అని పిలిచేవారు. మేడిపళ్ళు పండాయా అని అడిగితే, నింపాది చెట్టును చూసేది. తరువాత చెట్టు కింద నేలను చూసేది. పళ్ళు కొరికిన ఉడత మూతిని కూడా చూసేది. అప్పుడు గానీ జవాబు చెప్పేది కాదు. పిల్ల జంతువులు ఆమె వెనకాల చేరి, ఆమె నడకను అనుకరిస్తూ నవ్వుకునేవి.

ఒక ఏడు వాన ముందు కోనలో పడలేదు. ఎక్కడో పైన, కంటికి ఆనని కొండల్లో పడింది. లంకలో ఉన్న జంతువులకు ఆ సంగతి తెలియదు. హాయిగా నిద్రపోయాయి.

తెల్లవారేసరికి ఏటి చప్పుడు మారిపోయింది. నిన్నటిదాకా గులకరాళ్ళ మీద గుసగుసలాడిన నీళ్ళు ఇప్పుడు గొంతు పెంచి మాట్లాడుతున్నాయి. జంతువులు ఒడ్డుకు వచ్చి చూశాయి. ఇసుక తిన్నె లేదు. తిన్నె ఉన్నచోట నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. వాటి మీద మంచు, కాగుతున్న పాల మీద ఆవిరిలా కదులుతోంది. అవతలి ఒడ్డు ఉందో లేదో కూడా తెలియడం లేదు.

మంచులోంచి నీలయ్య అనే లకుముకి పిట్ట ఎగిరివచ్చి రెల్లు దుబ్బు మీద వాలాడు. అతని రొమ్ము ఎగసిపడుతోంది.

"పైన మలుపు దాకా వెళ్ళి వచ్చాను," అన్నాడు నీలయ్య. "ఎర్రనీళ్ళు వస్తున్నాయి. చెట్లకు చెట్లనే మోసుకొస్తున్నాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి లంక కనబడదు."

దూదమ్మ అనే కుందేలు తన పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుంది. ఈదుదామంటే నీళ్ళలో సుడులు. దుప్పులను సైతం లాక్కుపోయే ఉరవడి.

లంకకు ఎగువన ఏటిలో రాళ్ళగుంపు ఒకటి ఉంది. వేసవిలో ఆ రాళ్ళు పొడినేల మీద పడుకున్న బర్రెల్లా ఉండేవి. ఇప్పుడు వాటి వీపులు మాత్రమే నీటి పైన ఉన్నాయి. కొన్ని దగ్గర దగ్గరగా, కొన్ని దూరదూరంగా ఉన్నాయి. కాస్త దూరం పోయాక అన్నీ మంచులో కరిగిపోయినట్టున్నాయి.

"దారి దొరికింది!" అన్నాడు సువేగుడు. "రాళ్ళ మీదుగా దూకుతూ పోదాం. ముందు నేను వెళతాను. నేను పిలవగానే నా వెనకే రండి."

నింపాది మెల్లగా ముందుకు వచ్చింది.

"సువేగన్నా, ఒక్క మాట. మనకు కావలసింది నువ్వు దాటే దారా? మనమందరం దాటే దారా?"

"దారి దారే!" అని సువేగుడు నవ్వాడు. "నాకొకటి, నీకొకటి ఉంటుందా? నువ్వు ఆలోచిస్తూ కూర్చో. నేను అవతలి ఒడ్డున చెట్టు కింద పడుకుని ఉంటాను."

ఆ మాటతో అతను మొదటి రాయి మీదికి దూకాడు. చూస్తుంటే చూడముచ్చటగా ఉంది. అవతలి ఒడ్డుకు ఏ రాయి ఎక్కువ దగ్గరగా కనబడితే దాని మీదికి దూకాడు. ఆలోచన లేదు, ఆగడం లేదు. ఒక్కో దూకుకు ఒక్కో నీటి తుంపర లేచింది. అతని ఒంటి మీది తెల్లచుక్కలు మంచులో ఒకటొకటిగా మాయమయ్యాయి. చివరికి కొమ్ములు కూడా మాయమయ్యాయి.

గుంపంతా చెవులు రిక్కించి నిలబడింది. చాలాసేపు ఏటి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తరువాత గిట్టలు జారిన చప్పుడు వినబడింది. ఒక మూలుగు వినబడింది.

ఆ తరువాత సువేగుడి గొంతు వచ్చింది. అది ఎప్పటి గొంతులా లేదు.

"రావద్దు! ఎవరూ రావద్దు!"

నీలయ్య ఎగిరి వెళ్ళి చూసి వచ్చాడు.

"ఏటి నడుమ పెద్ద నల్లబండ మీద ఉన్నాడు. ముందుకాలు మెలిపడింది. ఆ కాలితో దూకడానికి ముందున్న రాళ్ళన్నీ దూరం. ఏ రాయి మీది నుంచి నల్లబండ మీదికి దూకాడో ఆ రాయి నీళ్ళలో మునిగిపోయింది. ముందుకూ లేదు, వెనక్కూ లేదు."

దుప్పులు బెదిరిపోయాయి. ముంగిసలు అటూ ఇటూ పరుగెత్తాయి. ఒక ముసలి దుప్పి, "మన పెద్దకే దారి దొరకలేదు. ఇక మనకేం దొరుకుతుంది?" అని ఏడవడం మొదలుపెట్టింది.

"వదినా, ఏడుపు అవతలి ఒడ్డుకు వెళ్ళాక ఏడుద్దాం," అంది నింపాది. "ముందు మనం ఏ లెక్క చెయ్యాలో తెలుసుకుందాం. సువేగన్న లెక్క తప్పు కాదు. అది వేరే లెక్క. ఎంత దూరం దూకగలం అన్నది ఆయన లెక్క. మనలో అందరికన్నా తక్కువ దూకేవాళ్ళు ఎవరో వాళ్ళు దాటగలగాలి. అది మన లెక్క."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తరువాత అందరి చూపులూ దూదమ్మ పిల్లల మీద పడ్డాయి. వాటిలో అన్నిటికన్నా చిన్నది తల్లి పొట్ట కింద నుంచి ముక్కు మాత్రం బయటపెట్టింది.

"రా తల్లీ. ఈ తడి ఇసుక మీద ఒక్క గెంతు గెంతు," అంది నింపాది.

చిన్న కుందేలు గెంతింది. గెంతు మొదలైన చోట, ఆగిన చోట రెండు గీతలు పడ్డాయి. నడుమ మూరెడు దూరం ఉంది. మూరెడు సందైతే నింపాది కూడా ఒళ్ళు సాగదీసి దాటగలదు.

"నీలయ్యా, నీ రెక్కలు విప్పి ఈ గీతల మీద పరుచు."

నీలయ్య రెక్కలు విప్పి ఇసుక మీద బోర్లా పడుకున్నాడు. ఒక రెక్క కొస ఒక గీతకు తగిలింది. ఇంకో రెక్క కొస ఇంకో గీతకు తగిలింది. తడి ఇసుక మీద నీలిరంగు మెరిసింది. పిల్లలు భయం మరిచిపోయి చూశాయి.

"ఇదీ మన కొలత," అంది నింపాది. "రాయికీ రాయికీ నడుమ నీలయ్య రెక్కలు అందితే అది మన దారి. అందకపోతే మన దారి కాదు. అంతే. అన్ని దూరాలూ తెలియక్కర్లేదు. అందాయా లేదా అన్న ఒక్కటి తెలిస్తే చాలు."

నింపాది ఒళ్ళు విదిలించింది. కొన్ని ముళ్ళు రాలి ఇసుక మీద పడ్డాయి. ఆమె మూతితో ఇసుక మీద ఒక పొడుగాటి గీత గీసింది. అది లంక ఒడ్డు. ఎదురుగా ఇంకో గీత గీసింది. అది కోన ఒడ్డు. ఒక ముల్లు నోట కరుచుకుని కోన ఒడ్డు గీత పక్కకు నడిచింది.

"నీలయ్యా, ఆ ఒడ్డుకు రెక్కలు అందేంత దగ్గరలో ఎన్ని రాళ్ళున్నాయో చూసిరా."

ముసలి దుప్పికి కోపం వచ్చింది. "ఇదేం తీరు? మనం ఉన్నది ఈ ఒడ్డున. ఈ ఒడ్డు నుంచి కదా వెతకాలి!"

"వదినా, ఈ ఒడ్డు నుంచి ఒకసారి చూడు. అడుగు పెట్టడానికి ఎన్ని రాళ్ళున్నాయో! ఒక్కో రాయి నుంచి మళ్ళీ ఎన్నో రాళ్ళు. వాటిలో ఏది ఎక్కడికి పోతుందో అన్నీ వెతికేలోపు ఎర్రనీళ్ళు వస్తాయి. చేరవలసిన చోటు ఒక్కటే. అక్కడి నుంచి వెనక్కి వద్దాం. దారులు తక్కువ ఉంటాయేమో చూద్దాం."

నీలయ్య మంచులోకి వెళ్ళాడు. వెళ్ళిన చోట మంచు కాసేపు నీలంగా మెరిసి, మళ్ళీ తెల్లబడింది. తిరిగి వచ్చినప్పుడు అతని రెక్కల మీద నీటి చుక్కలు ముత్యాల్లా ఉన్నాయి.

"రెండే!" అన్నాడు. "ఒకటి ఏనుగు తలలా ఉంది. ఇంకొకటి తాబేటి డిప్పలా ఉంది."

నింపాది కోన ఒడ్డు దగ్గర రెండు ముళ్ళు గుచ్చింది.

"ఏనుగు తలకు రెక్కలు అందే రాళ్ళేమున్నాయి?"

నీలయ్య వెళ్ళి వచ్చాడు. "ఏమీ లేవు. చుట్టూ నీళ్ళే."

నింపాది ఆ ముల్లు పీకి పక్కన పడేసింది.

"ఓడిపోయామా?" అని చిన్న కుందేలు అడిగింది.

"లేదమ్మా. ఒక తప్పుదారి తగ్గింది. తగ్గిన మేరకు మనం ముందుకు వచ్చినట్టే."

తరువాత తాబేటి డిప్ప లెక్క మొదలైంది. దానికి దగ్గరలో ఒక బల్లపరుపు బండ ఉంది. బల్లపరుపు బండ దగ్గర మరో రెండు రాళ్ళున్నాయి. వాటిలో ఒకటి ఎటూ పోలేదు. ఇంకొకటి ఒక బూడిదరంగు రాయికి దగ్గరైంది. నీలయ్య వెళుతున్నాడు, వస్తున్నాడు. ప్రతిసారీ నింపాది ఒకే ప్రశ్న వేస్తోంది. ప్రతిసారీ ఒక ముల్లు లేస్తోంది, లేదా ఒక ముల్లు పోతోంది.

మెల్లగా తడి ఇసుక మీద ఒక చిన్న వెండేరు పుట్టింది. అందులో ముళ్ళ రాళ్ళు. ముళ్ళ మీద మంచు చుక్కలు. జంతువులన్నీ దాని చుట్టూ చేరాయి. మబ్బుల పైనుంచి తమ ఏటిని తామే చూస్తున్నట్టు వాటికి అనిపించింది. ఏటి హోరు దూరమైపోయింది. ముంగిసలు కూడా కదలకుండా నిలబడ్డాయి.

బూడిదరంగు రాయి నుంచి ముళ్ళ వరుస ఎగువకు వంగింది. చాలా దూరం ఎగువకే పోయింది. తరువాత లంకవైపు తిరిగింది. లంక పైకొసన, రెల్లు పొదల వెనక, ఎవరూ చూడని ఒక చిన్న రాయి దగ్గర ఆగింది.

"ఆ రాయికీ మన ఒడ్డుకూ రెక్కలు అందుతాయి!" అని నీలయ్య కేక పెట్టాడు.

గుంపు గుంపంతా ఎగిరి గంతేసింది. దుప్పి పిల్లలు అప్పుడే రెల్లు పొదలవైపు పరుగు తీయబోయాయి.

"ఆగండి," అంది నింపాది. "దారి దొరికిందని మనం అనుకుంటున్నాం. అనుకోవడం వేరు, దొరకడం వేరు. నీలయ్యా, ఇప్పుడు ఇటు నుంచి అటు వెళ్ళు. మళ్ళీ ప్రతి సందు మీదా రెక్కలు పరిచి చూడు."

"మళ్ళీనా?" అంది ముసలి దుప్పి. "నీళ్ళు పెరుగుతున్నాయి!"

"పెరుగుతున్నాయి కాబట్టే చూసుకుని పోదాం వదినా. ఏటి నడుమ తప్పు తెలిస్తే దిద్దుకునే చోటు ఉండదు."

నీలయ్య వెళ్ళాడు. ఈసారి రావడానికి ఆలస్యమైంది. వచ్చినప్పుడు తల వంచుకుని వాలాడు.

"తప్పు జరిగింది నింపాదక్కా. బూడిదరంగు రాళ్ళు అక్కడ రెండున్నాయి. ఒకేలా ఉన్నాయి. మంచులో రెండింటినీ ఒకటే అనుకున్నాను. ఒకటి ఆ ఒడ్డువైపు దారిలో ఉంది. ఇంకొకటి ఈ ఒడ్డువైపు దారిలో ఉంది. వాటి నడుమ పెద్ద సందు. నా రెక్కలు రెండుసార్లు పరిచినా చాలలేదు."

నీళ్ళు రెల్లు దుబ్బుల మొదళ్ళను తాకాయి. దూదమ్మ కళ్ళు మూసుకుంది.

"తప్పు నాది," అన్నాడు నీలయ్య.

"నాది కూడా. ఒకే ముల్లు గుచ్చింది నేను కదా," అంది నింపాది. ఆ ముల్లు పీకింది. దాని బదులు రెండు ముళ్ళు గుచ్చింది. వాటి నడుమ ఖాళీని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

ఆమె లోపల భయపడుతోంది. ముళ్ళు సన్నగా గలగలలాడడం పక్కనున్న వాళ్ళకు వినబడింది. అయినా ఆమె చూపు ఇసుక మీది నుంచి కదలలేదు.

"పొద్దున మనకు ఏరంతా చిక్కే," అంది చివరికి. "ఇప్పుడు ఈ ఒక్క సందే చిక్కు. మిగతా ఏరంతా మనం దాటేసినట్టే. నీలయ్యా, ఆ సందు దగ్గర ఇంకేమున్నాయి? పనికొస్తుందో లేదో నువ్వు ఆలోచించకు. కనబడిందల్లా చెప్పు."

"పక్కనే, కాస్త దిగువన నల్లబండ ఉంది. దానికీ నా రెక్కలు అందవు. దాని మీద సువేగుడు ఉన్నాడు. బండ పగులులో వరద తెచ్చిన దుంగ ఒకటి ఇరుక్కుంది. అంతే."

"దుంగ ఎంత పొడవు?"

నీలయ్య రివ్వున వెళ్ళి రివ్వున వచ్చాడు. "నా రెక్కలు మూడుసార్లు పరిచినంత!"

"సందు?"

"రెండుసార్లకు కాస్త ఎక్కువ."

నింపాది లేచి నిలబడింది. నీటి అంచుదాకా వెళ్ళింది. ఆమె అంత గట్టిగా అరవడం అంతకుముందు ఎవరూ వినలేదు.

"సువేగన్నా! వినబడుతోందా?"

మంచులోంచి గొంతు వచ్చింది. "వినబడుతోంది. నా కోసం ఎవరూ రాకండి నింపాదీ. మీరు వేరే దారి చూసుకోండి."

"దారి చూశాం. దానికి నువ్వు కావాలి. నీ బండ పగులులో ఒక దుంగ ఉంది. దాన్ని అడ్డంగా తిప్పగలవా? అది బండకు ఎగువ వైపునే ఉండాలి. రెండు కొసలూ నీకు అటూ ఇటూ ఉన్న బూడిదరంగు రాళ్ళ మీద పడాలి. అప్పుడు నీళ్ళే దాన్ని నీ బండకు అదిమి పట్టుకుంటాయి."

గిట్ట రాతి మీద జారిన చప్పుడు వచ్చింది.

"నా కాలు ఆనడం లేదు," అన్నాడు సువేగుడు. "కొమ్ములున్నాయి. వాటితో చూస్తాను."

ఎవరికీ ఏమీ కనబడలేదు. అందరూ తెల్లటి మంచును చూస్తూ నిలబడ్డారు. దుంగ రాతికి గీసుకున్న చప్పుడు వచ్చింది. సువేగుడి ఊపిరి వినబడింది. మళ్ళీ గీసుకున్న చప్పుడు. "ఇంకొంచెం! ఎడమకు! ఎడమకు!" అని పైనుంచి నీలయ్య అరుస్తున్నాడు.

అప్పుడు ఫెళ్ళున ఏదో విరిగింది.

దుప్పులన్నీ ఉలిక్కిపడ్డాయి. ఆ చప్పుడు కొయ్య విరిగిన చప్పుడు కాదని వాటికి తెలుసు.

"నిలిచింది!" అని నీలయ్య కేక వినబడింది. "దుంగ నిలిచింది! రెండు కొసలూ రాళ్ళ మీద పడ్డాయి!" కాస్త ఆగి, తగ్గిన గొంతుతో అన్నాడు. "ఆయన కొమ్ము ఒకటి పోయింది."

నింపాది వెనుదిరిగింది. "చిన్నవాళ్ళు ముందు. పెద్దవాళ్ళు వెనక. ఎవరూ పక్క రాయి చూడొద్దు. ఎంత పెద్దదైనా, ఎంత దగ్గరగా కనబడినా చూడొద్దు. ముందున్నవాళ్ళ తోక మీదే చూపు పెట్టి వెళ్ళండి."

రెల్లు పొదల వెనక ఉన్న చిన్నరాయి మీద మొదటి అడుగు చిన్న కుందేలు వేసింది. దాని వెనక తోబుట్టువులు, దూదమ్మ, ముంగిసలు, నింపాది, ఆఖరున దుప్పులు. వరుస మంచులోకి నడిచింది. ఇటు ఒడ్డు లేదు. అటు ఒడ్డు లేదు. కింద నీళ్ళు, చుట్టూ తెలుపు. ఒక్కో రాయి కలలోంచి లేచి వచ్చినట్టు కాళ్ళ ముందుకు వచ్చేది. దాటగానే మళ్ళీ కలలోకి వెళ్ళిపోయేది. ముందు ముందు నీలయ్య ఒక్కో రాయి మీద వాలి, "ఇక్కడ, ఇక్కడ" అనేవాడు.

ఒకచోట దారి బాగా ఎగువకు తిరిగి, కాస్త లంకవైపే వంగింది. మంచు చీలి, లంకలోని రెల్లు అందరికీ కనబడింది.

"అయ్యో, వెనక్కి పోతున్నాం!" అని ముసలి దుప్పి బెదిరింది. పక్కనే కోనవైపున ఒక పెద్ద రాయి కనబడుతోంది. దాని మీదికి దూకబోయింది.

"వదినా!" అంది నింపాది. "వెనక్కి పోతున్నది కళ్ళకే. దారికి ఇది ముందుకే. ఇసుక మీద చూశాం కదా."

ముసలి దుప్పి కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుంది. తన ముందున్న ముళ్ళపంది వెనకే అడుగు వేసింది. రెండు రాళ్ళు దాటాక దారి కోనవైపు తిరిగింది.

దుంగ దగ్గరికి వచ్చేసరికి చిన్న కుందేలు ఆగిపోయింది. దుంగ తడిగా ఉంది. కింద నీళ్ళు బుసలు కొడుతున్నాయి. దాని కాళ్ళు కదలలేదు. వెనక వరుసంతా ఆగిపోయింది.

దుంగ పక్కన నల్లబండ మీద సువేగుడు ఉన్నాడు. ఒకవైపే కొమ్ము ఉంది. అతను మెలిపడిన కాలిని కూడదీసుకుని మోకాళ్ళ మీద వంగాడు. మిగిలిన కొమ్మును దుంగ వెంట పొడుగునా ఆనించాడు.

"దీన్ని పట్టుకుని నడు చిట్టీ," అన్నాడు.

చిన్న కుందేలు కొమ్ముకు ఒళ్ళు ఆనించి దాటింది. దాని వెనక అందరూ దాటారు. నింపాది దాటుతూ సువేగుడి ముందు ఒక్క క్షణం ఆగింది.

"నువ్వు ముందు నడువన్నా. కాలు బాగాలేదు."

"లేదు. అందరూ వెళ్ళాక వస్తాను," అన్నాడు సువేగుడు. "దుంగ కదిలితే పట్టుకునే వాళ్ళు ఉండాలి కదా."

ఆఖరి దుప్పి దాటాక అతను దుంగ మీదికి దిగాడు. కుంటుతూ, ఒక్కో రాయీ చూసుకుంటూ నడిచాడు. అంత నెమ్మదిగా అతను నడవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. బల్లపరుపు బండ, తాబేటి డిప్ప దాటి కోన ఒడ్డు ఎక్కాడు. అతని వెనక నీళ్ళు తాబేటి డిప్పను కప్పేశాయి.

ఎర్రనీళ్ళు వచ్చాయి. మంచు విడిపోయింది. ఒడ్డున నిలబడి అందరూ చూశారు. రాళ్ళగుంపు లేదు. దుంగ లేదు. రెల్లులంక ఉన్నచోట రెల్లు కొసలు మాత్రం ఊగుతున్నాయి. కాసేపటికి అవీ లేవు. అప్పుడు ముసలి దుప్పి ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. నింపాది దాని పక్కన కూర్చుంది.

సువేగుడు ఆమె దగ్గరికి వచ్చాడు.

"నువ్వు పొద్దున నన్నొకటి అడిగావు," అన్నాడు. "నేను పూర్తిగా వినలేదు. ఏమడిగావో మళ్ళీ చెప్పు."

నింపాది మళ్ళీ చెప్పింది. ఈసారి అతను ఆఖరి మాటదాకా విన్నాడు.

తొలకరి కోనలోనూ కురిసింది. గడ్డి మొలిచింది. గుంపుకు కొత్త పెద్ద ఎవరన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఏ చిక్కు వచ్చినా అందరి కాళ్ళూ నింపాది బొరియవైపే నడిచేవి. ముంగిసలు ఆమెకు వాననీరు చేరని మెరకలో విశాలమైన బొరియ తవ్వి ఇచ్చాయి. కుందేళ్ళు దుంపలు తెచ్చి గుమ్మంలో పెట్టేవి. ఆమె నడకను అనుకరించిన పిల్లలే ఇప్పుడు ఆమె చుట్టూ చేరి ఇసుక మీద గీతలు గీసేవి, తుడిపేవి, మళ్ళీ గీసేవి.

సువేగుడికి మరుసటి ఏడు కొమ్ము మళ్ళీ మొలిచింది. కుంటు మాత్రం పోలేదు. ఎదిగే మగదుప్పులు అతని చుట్టూ చేరి, "మాకు దూకడం నేర్పు" అని అడిగేవి. అతను వాటిని ఏటి ఒడ్డుకు తీసుకువెళ్ళేవాడు. పక్కన కూర్చోబెట్టేవాడు.

"ఆ ఒడ్డు నుంచి చూస్తే మీకు ఏ రాయి కనబడుతుంది?" అని అడిగేవాడు.

కుర్ర దుప్పులు జవాబు చెప్పబోయి ఆగిపోయేవి. ఏటి మీద మంచు మెల్లగా కదిలేది. సువేగుడు తొందరపెట్టేవాడు కాదు. అవి ఆలోచించేదాకా అలాగే కూర్చునేవాడు.

నీతి: తొందర జవాబు నడి ఏట్లో వదిలేస్తుంది; అడిగిందేమిటో తెలుసుకుని, చేరవలసిన చోటు నుంచి వెనక్కి ఆలోచించి, దొరికిన జవాబును మరొక్కసారి సరిచూసుకున్నవారే గట్టెక్కుతారు.